తెలుపులో దాచిన పేరు

"నరహరీ, పైన మూడో గదిల పిలగానికి కడుపు బాగలేదట. పెరుగన్నం కలిపి పంపమని ఆమెకు చెప్పు."

ఆ 'ఆమె' లచ్చవ్వకు మూరెడు దూరంలోనే, స్టవ్ ముందు నిలబడి ఉంది. నరహరి తల్లి వంక చూశాడు, పెళ్లాం వంక చూశాడు. అడకత్తెరలో పోకచెక్క అయితే ఒక్క నొక్కుకు తెగిపోయి ఊరుకుంటుంది. మొన్నటి నుంచి ఈ ఇంట్లో అతనికి ఆ సుఖం కూడా లేదు.

"శిరీషా, పెరుగన్నం..."

"వినపడ్డది. కలుపుతున్ననని చెప్పండి."

"అమ్మా, కలుపుతున్నదట."

"నాకూ చెవులున్నయ్," అంది లచ్చవ్వ.

వేరే ఇంట్లో అయితే నవ్వొచ్చే సంగతే. ఇక్కడ ఎవరికీ నవ్వు రాలేదు. శిరీష కాపురానికి వచ్చిన నాటి నుంచి అత్త నోట 'బిడ్డా' అన్న పిలుపే తప్ప ఇంకొకటి విని ఎరగదు. అత్త తిట్టినా పడేది, రెండు దెబ్బలు వేసినా పడేది. ఈ 'ఆమె'ను మాత్రం మింగలేక, కక్కలేక గిన్నెలో పెరుగన్నం కలుపుతూ నిలబడింది.

ఇంత గొడవా తెచ్చిపెట్టింది నరహరే, అదీ మంచి చేయబోయి.

యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో పని చేసే నరహరి, పాత మిషన్ ఒకటి ఇంటికి తెచ్చి టెలిఫోన్ తీగకు తగిలించుకున్నాడు. అది చవక రకం కనెక్షన్. అందులో అక్షరాలు తప్ప రంగులు రావు, బొమ్మలు రావు. మొన్న సాయంత్రం తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, "అమ్మా, నీ కోడలు నీ ఇంటి గురించి ఇంటర్నెట్‌ల ఎంత ముద్దుగ రాసిందో విను," అని మురిసిపోతూ చదవడం మొదలుపెట్టాడు. తార్నాకలో లచ్చవ్వ ఇల్లు, యూనివర్సిటీకి నడిచిపోయేంత దూరం, పరదేశం నుంచి వచ్చే విద్యార్థులకు గదులు, ఇంటి భోజనం. లచ్చవ్వ ముఖం వెలిగిపోయింది. నరహరి ఇంకా కిందికి చదివాడు. ఈరమ్మ ఇల్లు తార్నాక, ఈరమ్మ గదులు, ఈరమ్మ జొన్నరొట్టె, ఈరమ్మ, ఈరమ్మ, ఈరమ్మ... గుడిలో పంతులు అష్టోత్తరం చదివినట్టు చదువుకుంటూ పోయాడే గాని, తన నోరు ఏమంటున్నదో తనకు తెలిసేసరికి లచ్చవ్వ చేతిలో బియ్యం చాట కింద పెట్టేసింది.

"మన దాంట్ల మా అక్క పేరెందుకురా?" అని అడిగింది. ఆ పేరు వెతికేవాళ్లు మన ఇంటికే వస్తారని శిరీష ఇచ్చిన జవాబుతో ఇంట్లో మాటలు బందయ్యాయి.

శిరీష ఇక ఆగలేకపోయింది. స్టవ్ ఆర్పి, పెరుగన్నం గిన్నె మొగుడి చేతిలో పెట్టి, వచ్చి అత్త ముందు కింద కూర్చుంది.

"అత్తమ్మా, తిట్టు నన్ను. నీ నోటికొచ్చినట్టు తిట్టు. గిట్ల మూడో మనిషితోని మాట్లాడియ్యకు."

"నాకు లేటయితున్నది," అన్నాడు నరహరి, గిన్నె పట్టుకునే గుమ్మం వైపు జరుగుతూ.

"ఆగు," అన్నారు అత్తాకోడళ్లు ఒక్కసారే.

నరహరి ఆగాడు.

"అత్తమ్మా, నేను చేసింది ఎవరికీ కనపడదు. హబ్సిగూడల కంప్యూటర్ కోర్సు చేసిన గదా, ఆడ సారు చెప్పిండు. పేజీ తెల్లగ ఉంటది, దాని మీద తెల్ల అక్షరాలతోనే రాస్తం. సున్నం గోడ మీద సుద్దముక్కతోని రాసినట్టు. చూసేటోళ్లకు ఏం కనపడదు. మనింటి మిషన్‌ల రంగులు రావు గనుకనే ఈయనకు కనపడ్డది. వెతికే మిషన్ ఒక్కటే చదువుతది. ఎవరన్న ఈరమ్మ అని కొట్టి వెతికితే, మన పేజీ అందరికన్న మీదికొస్తది. గంతే. అందరు చేస్తున్నరు."

"ఎవలికీ కనవడకుంట చేసే పని ఏం పని బిడ్డా?"

ఆ మాట నోరు జారిందని లచ్చవ్వకు వెంటనే తెలిసింది. పెదవులు బిగించి ముఖం అటు తిప్పుకుంది. కోపంలో కూడా అత్త నాలుకకు తన మీద ప్రేమ పోలేదని తెలిసి శిరీషకు ఏడుపొచ్చింది.

"నిరుడు మన పేజీ చూసి మొదటి పిలగాడు వచ్చినప్పుడు గల్లీ అంత తిరిగి చెప్పినవ్ గదా అత్తమ్మా, మా కోడలు కంప్యూటర్ల రాస్తే వచ్చిండని. నీ ముఖం ఆ రోజు ఎట్లున్నదో నాకు ఇంకా యాదికున్నది. మల్ల గట్ల చూద్దామనుకున్న. క్లాసుల కూసోని వెతికితే, పెద్దత్తమ్మ ఇంట్ల ఉండి పోయిన సూడాన్ పిలగాడు లేడూ, ఇద్రీస్, ఆయన ఆమె గురించి సొంతంగ ఒక పేజీ రాసుకున్నడు. తార్నాకకు పోతే ఈరమ్మ ఇంట్లనే ఉండండి, ఆమె జొన్నరొట్టె తింటే మా అమ్మ యాదికొచ్చిందని రాసిండు. ఇగ అందరు ఆ పేరే కొడతరని నాకు సమజైంది."

"సమజైనంక?"



లచ్చవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇక ఈసారి కోడలి వైపే తిరిగి మాట్లాడింది.

"నరహరిని సంకలేసుకొని ఆలేరు దిక్కు నుంచి ఈ పట్నం వచ్చిన్నాడు నాకు దిక్కెవలు? మా ఊర్ల పుట్టిన ఆడివిడ్డ ఒక్కతున్నదని ఎరుకై పోయి ఈరక్క తలుపు కొట్టిన. వంట నేర్పింది. పరదేశపోళ్లకు పులుపెంత, కారమెంత అని నేర్పింది. నేను పైన గదులు ఏసుకుంటే, తన ఇంట్ల పిల్లల్నే తోలిచ్చింది, పోండి, మా చెల్లె దగ్గర ఉండండని. ఆనాటి సంది మా ఇద్దరికి ఒక్కటే కాయిదా. ఎవలి పేరు అడుగుకుంట వస్తే వాళ్ల గడపకే తోలియ్యాలె. మన గదులు ఖాళీగున్నా సరే, ఈరమ్మ ఇల్లేదని అడిగినోన్ని చెయ్యి వట్టుకపోయి ఆమె గడపల నిలవెట్టిన. ఆమె గూడ గంతే. ఒక్క పిలగాడు ఇటుదటు కాలేదు."

"అత్తమ్మా..."

"నువ్వేం చేసినవ్? ఆమె పేరు వట్టుకొని ఒచ్చేటోళ్లను తొవ్వలనే ఆపి మనింట్లకు గుంజినవ్. తిన్నింటి వాసాలు లెక్కవెట్టుడు అంటే గిదే."

నరహరి ఏదో అనబోయాడు. లచ్చవ్వ చెయ్యెత్తి ఆపింది.

"ఈ యేడు అక్క ఇంట్ల ఒక్క గదిల గూడ లైటు ఎలుగుతలేదు. మనకేమో జాగ సాలక వసారల మంచమేసినం. నేను గూడ దేవుని దయ అనుకున్న. పోయిన ఆదివారం పోతే రొట్టె చేసి నా ముంగట వెట్టి, నా ముఖం దిక్కే చూస్తున్నది. 'లచ్చీ, నిజం చెప్పే, నా చెయ్యి పాడైందా? ముసలిదాన్నైన, రుచి పోయినట్టున్నది, అందుకే పోరగాండ్లు వస్తలేరు' అని అడిగింది. గా రొట్టె ఎట్లున్నదంటవ్? ఎప్పటి లెక్కనే ఉన్నది. బాగుందంటే నమ్ముతలేదు. నా మీద పావురంతోని, ప్రేమకొద్ది అంటున్నవని ఏడ్చింది."

ఆ పేరు టైప్ చేస్తున్నప్పుడు శిరీషకు అది కొన్ని ఇంగ్లీషు అక్షరాల మాటే. దాని వెనక ఒక ముసలామె తన చేతులు తనే అనుమానంగా చూసుకుంటూ కూర్చుంటుందని ఆ పూట తట్టలేదు.

"ఇయ్యాల సాయంత్రం ట్యుటోరియల్ కాలేజీ బుచ్చిబాబు వస్తడు. అక్క తన ఇల్లంత ఆయనకు కిరాయికి రాసిచ్చి, కాచిగూడల సొంత చెల్లె ఇంటికి పోయి ఉంటదట," అంది లచ్చవ్వ.

"పెద్దత్తమ్మ పోతదా? ఆమెకు చెప్పినవా అత్తమ్మా, నేను చేసిన పని?"

లచ్చవ్వ చాట తీసుకుని లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. బియ్యంలో రాళ్లు లేకపోయినా చాలాసేపు ఏరుతూ కూర్చుంది.

* * *

మొగుడూ పెళ్లాల స్కూటర్ తార్నాక చౌరస్తా దాటి క్యాంపస్‌లోకి తిరిగింది. అడ్మిషన్ల రోజులు కావడంతో రోడ్డు పొడుగునా కొత్త పిల్లలు, ఫైళ్లు చంకన పెట్టుకుని ఆర్ట్స్ కాలేజీ ఎటని అడుగుతున్నారు.

"మీరన్న నన్ను ఒక మాట అనండి," అంది శిరీష వెనక నుంచి.

"ఏమనాలె?"

"ఏదో ఒకటి."

"నాకు తెల్వకుంట నువ్వు నాకన్న బాగ నేర్చుకున్నవ్. ఆ ట్రిక్ నాకు రాదు," అన్నాడు నరహరి.

శిరీష అతని వీపు మీద ఒకటి వేసింది. స్కూటర్ కొంచెం వంకర పోయింది. మొన్నటి నుంచి మొదటిసారి ఇద్దరికీ నవ్వొచ్చింది, అది కాసేపే.

కంప్యూటర్ సెంటర్ బయట చెప్పులు విడిచి, చల్లటి గదిలోకి వెళ్లారు. నరహరి తన కుర్చీ ఆమెకిచ్చి పక్కన నిలబడ్డాడు. శిరీష పేజీ తెరిచి ఈరమ్మ పేరు ఒక్కొక్కటే తీసేసింది. కలిపి ఒకేసారి తీసేయొచ్చు. ఆమె అలా చేయలేదు. పూలదండలో వాడిన పూలు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరి తీసింది. తర్వాత పైన, అందరికీ కనిపించేలా, నల్ల అక్షరాల్లో రాసింది: మీరు ఈరమ్మ గారి ఇల్లు వెతుకుతుంటే అది ఇది కాదు, మా ఎదురు గల్లీలో నీలం గేటు. ఆ కింద ఈరమ్మ ఫోన్ నంబరు పెట్టింది.

"ఇగ చూద్దాం," అని సెర్చ్ ఇంజన్ తెరిచి, ఈరమ్మ, తార్నాక అని కొట్టింది.

మొదటి వరసలో మళ్లీ లచ్చవ్వ ఇల్లే వచ్చింది. దాని కింద, పేజీలోంచి ఇందాకే తీసేసిన మాటలు వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి.

"తీసేసిన గదా," అంది శిరీష. ఇంకోసారి కొట్టింది. అదే వచ్చింది.

"అది ఇప్పుడు మన పేజీని చూస్తలేదు శిరీషా. ఎన్నడో ఒకనాడు వచ్చి చదువుకొని, తన దగ్గర రాసిపెట్టుకున్నది. అదే చూపిస్తది. మల్ల వచ్చి చదివేదాక నువ్వు మార్చినవని దానికి ఎరుకగాదు."

"ఎప్పుడొస్తది?"

"దాని ఇష్టం. నెల పట్టొచ్చు, ఇంకా ఎక్కువ పట్టొచ్చు."

"ఎవరికన్న ఫోన్ చేసి చెప్పరాదా? తప్పయింది, తొందరగ రమ్మని?"

"ఎవరికి చేద్దాం?" అన్నాడు నరహరి. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగాడు.

మా పేజీ మారింది, వచ్చి చూడండి అని అర్జీ పెట్టుకోవడానికి ఒక చోటుంది. శిరీష అందులో తమ పేజీ చిరునామా నింపి పంపింది. అర్జీ అందిందని, వీలైనప్పుడు చూస్తామని ఇంగ్లీషులో జవాబొచ్చింది. శిరీష రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని ఆ జవాబునే చూస్తూ కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని అత్త అంటుంటుంది. ఇక్కడ పట్టుకుందామంటే ఆకులు కూడా దొరకడం లేదు.

"మిషన్‌కు చెప్పలేం గని, పెద్దమ్మకు చెప్పొచ్చు," అన్నాడు నరహరి మెల్లగా.

"ఏమని చెప్పాలె? పొద్దున లేస్తే ఆమె చేతి చాయ్ తాగి క్లాసుకు పోయిన దాన్ని. ఏ ముఖం పెట్టుకొని చెప్పాలె?"

"ఉన్న ముఖమే పెట్టుకొని చెప్పు. బాగనే ఉంటది," అన్నాడు. భుజం మీద చెయ్యేశాడు. పక్క సీట్ల వాళ్లు చూస్తున్నా తియ్యలేదు.

* * *

నీలం గేటు లోపల వసారాలో మూటలు వరసగా ఉన్నాయి. పెద్ద పెద్ద వంట గిన్నెలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, పాత చీరలతో కట్టేసి ఉన్నాయి. బుచ్చిబాబు కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. తెల్ల చొక్కా జేబులో రెండు పెన్నులు.

"మీరేం బెంగ పెట్టుకోకండమ్మా. మీ ఇంటిని చదువుల గుడి చేసేస్తాను," అంటున్నాడు.

"ఏదో ఒకటి చెయ్యి సారూ. దీపం పెడితే సాలు," అంది ఈరమ్మ. సన్నటి మనిషి, బొడ్లో తాళాల గుత్తి. గేటు దగ్గర శిరీషను చూసి ఆమె ముఖం విప్పారింది. "రా బిడ్డా, పొద్దటి సంది వస్తవేమోనని చూస్తున్న. పోయే ముంగట ఒకసారి నిన్ను చూసి పోవాలె గదా."

శిరీష వెనక నరహరి, అతని వెనక, ఎప్పుడు బయల్దేరిందో, లచ్చవ్వ కూడా వచ్చి గడప బయట నిలబడింది. లోపలికి రాలేదు.

శిరీష వెళ్లి ఈరమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతుల నిండా జొన్నపిండి వాసన.

"పెద్దత్తమ్మా, నువ్వు పోవద్దు. నీ ఇంటికి పిల్లలు రాకపోయింది నా వల్లనే."

మొదలుపెట్టాక ఇక దాచలేదు. తెల్ల పేజీ, తెల్ల అక్షరాలు, వెతికే మిషన్, ఇద్రీస్ రాసిన మాటలు, తను చేసిన పని, అన్నీ చెప్పింది. ఈరమ్మకు సగం అర్థమైంది, సగం కాలేదు. బుచ్చిబాబు మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టేసి శ్రద్ధగా విన్నాడు.

"అంటే..." ఈరమ్మ ఒక్కో మాట కూడబలుక్కుంది. "ఆ పోరగాండ్లు నా పేరే అడిగిన్రా? ఈ యేడు గూడ?"

"నీ పేరే అడిగిన్రు. నేనే మా ఇంటికి మళ్లించిన."

"నా ఇల్లే కావాలనుకున్నరు."

"అవును పెద్దత్తమ్మా."

"అయితే నా చెయ్యి బాగనే ఉన్నదా?"

శిరీష తలూపింది.

ఈరమ్మ కోప్పడుతుందని, గేటు అవతలికి పొమ్మంటుందని శిరీష సిద్ధపడి వచ్చింది. ఈరమ్మ మాత్రం మూటల మధ్య కూలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తెలియకుండా ఊగిపోయింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని శిరీష తల మీద చెయ్యి పెట్టింది.

"పిచ్చిదానా, గదులు ఖాళీగుంటె నాకేంది? చెయ్యి పోయిందనే కదా నా ఏడుపంత. మీ అత్తకు సాయపడాలని చేసినవ్, అడ్డగోలుగ చేసినవ్. మల్ల చెయ్యకు. పో, లోపల రొట్టెలున్నయ్, ఇద్దరు తినుండ్రి."

అలా అని లేచి బుచ్చిబాబు వైపు తిరిగింది. "సారూ, ఏమనుకోకు. నేను ఇల్లు ఇయ్య. ఇంకో జాగ చూసుకో."

"ఇదేంటమ్మా, మాటంటే మాటే అన్నారు కదా నిన్న," అన్నాడు బుచ్చిబాబు నొచ్చుకుంటూ.

"నిన్న నేను ముసలిదాన్ని సారూ. ఇయ్యాల గాదు."

నరహరి పగలబడి నవ్వాడు. బుచ్చిబాబు జేబులో పెన్నులు సర్దుకుని, చెప్పులేసుకుని గేటు వైపు నడిచాడు. ఈరమ్మ ఒక మూట ముడి విప్పడం మొదలుపెట్టింది. గడప బయట నిలబడ్డ లచ్చవ్వ మొన్నటి నుంచి పట్టుకున్న ఊపిరి వదిలినట్టుంది, కొంగు నడుముకు చుట్టి, "ఆగక్కా, నేను ఇప్పుత," అంటూ లోపలికొచ్చింది.

ముడి మీద ఈరమ్మ వేళ్లు ఆగిపోయాయి.

"ఈ ముడి ఏసింది నువ్వే గదనే," అంది. "నిన్న పొద్దంత నా పక్కన కూసోని ఈ మూటలన్ని కట్టినవ్. లచ్చీ, కోడలు చేసిన పని నీకెప్పుడు ఎరుకైంది?"

లచ్చవ్వ నిలబడ్డచోటే నిలబడిపోయింది.

"అడుగుతున్న. ఎప్పుడు?"

"మొన్న."

"మొన్న," అంది ఈరమ్మ.

శిరీష అత్త ముఖంలోకి చూసింది. పొద్దున తన ప్రశ్నకు జవాబు చెప్పకుండా పెరట్లోకి ఎందుకు పోయిందో అప్పుడు అర్థమైంది.

"చెప్తే ఈ పిల్లను దొంగ లెక్క చూస్తవేమోనని భయమైందక్కా," అంది లచ్చవ్వ. ఆమె గొంతు ఎప్పుడూ లేనంత సన్నగా ఉంది. "పసిది. తెల్వక చేసింది. దాని పేరు నీ నోట్ల చెడ్డగావద్దని..."

"అత్తమ్మా," అంది శిరీష. రెండ్రోజులుగా తనను ముఖాన చూడని మనిషి, ఈ రెండ్రోజులూ తనను కొంగు చాటున దాచింది.

"నీ కోడలి పేరు కాపాడుకున్నవ్," అంది ఈరమ్మ. "మంచిదే. నిన్న ఈ గిన్నెలు కట్టుకుంట నేనేమన్న? ఇగ ఈ చేతితోని ఎవలికి వండుతనే అని ఏడ్చిన. నీ ముంగటనే ఏడ్చిన. నువ్వు నా కండ్లు తుడిచి, ఇంకో మూట కట్టినవ్. పిల్ల ఎరుకలేక చేసింది లచ్చీ. నువ్వు ఎరికుండి చేసినవ్."

"అక్కా, ఇయ్యాల చెప్దామనే..."

"నేనేమన్న తింటనా ఈ పిల్లను? ఇన్నేండ్ల నుంచి నన్ను చూసి గింతేనా నువ్వు ఎరుకచేసుకున్నది?"

నరహరి ఒక అడుగు ముందుకు వేసి, "పెద్దమ్మా," అన్నాడు. ఈరమ్మ అతని వైపు చూడలేదు. విప్పబోయిన ముడిని మళ్లీ బిగించింది. బొడ్లోంచి తాళాల గుత్తి తీసి చేతిలో పట్టుకుంది.

"సారూ," అని పిలిచింది గేటు వైపు తిరిగి. "జర ఆగు."

బుచ్చిబాబు గేటు మీద చెయ్యి వేసినవాడల్లా వెనక్కి తిరిగి చూశాడు.